ఆఱవయేట వచ్చు ఆఱవ పన్ను
(దంతవైద్యుడు మనకు చేయగల సాయము)

"పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి అయిననేమి?" అని మనవారు పరిహాసమున కనుచుందురు. దంతవైద్యమును గూర్చి మనలో పెక్కుమంది కున్న తలంపు ఇంచుమించుగా ఈ సామెత వంటిదే. పన్ను నొప్పిపెట్టినచో దానిని పీకించుటయే వైద్యమనియు, పీకుట కెవరైన నొకటే యనియు, నొప్పి లేనిచో దంతవైద్యునితో మనకు పనియే లేదనియు భావించువారు మన గ్రామములలో నేటికిని కలరు. ఈ భావము వలన కలుగు నష్టమును నేను కన్నులార చూచితిని గనుక, విద్యార్థులకును వారి తలిదండ్రులకును నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఒక బాలుడు వరుసగా నాలుగు దినములు బడికి రాలేదు. అయిదవ దినమున చెంప వాచి, తలకు తువాలు చుట్టుకొని వచ్చెను. నోరు తెఱచి చూపుమనగా క్రింది దవడలో వెనుకనున్న పన్నొకటి గుల్లయై కనబడెను. వాని తల్లిని పిలిపించి ముందుగా వైద్యునికేల చూపలేదని యడిగితిని. ఆమె "పాలపన్నే కదండీ మాస్టారూ! ఊడిపోతే మళ్ళీ వస్తుంది కదా అని ఊరుకున్నామండి" అని చెప్పెను. ఆమె అశ్రద్ధ గల తల్లి కాదు. బిడ్డకు జ్వరము వచ్చినచో రాత్రియైనను ఆసుపత్రికి ఎత్తుకొనిపోవునట్టిది. కాని ఆ పన్ను పాలపన్ను కాదు. బాలునికి ఆఱవయేట వచ్చిన స్థిరదంతమది. అది పోయినచో దాని స్థానమున మఱియొకటి రాదు. బరంపురమునకు తీసికొనిపోవునప్పటికి దాని గోడలు కూలి, నిలుపుటకు వీలుగాక, తీసివేయవలసివచ్చెను. పదుమూడేండ్ల బాలునికి జీవితాంతము పనిచేయవలసిన పన్ను ఒకటి అట్లు పోయినది.

ఆమెకు తెలియనిది ఒక్క చిన్న సంగతి మాత్రమే. ఆ సంగతినే మొదట వివరింతును.

పండ్ల లెక్క

శిశువునకు ఇంచుమించుగా ఆఱవ మాసమున పాలపండ్లు మొలవ నారంభించును. రెండున్నర లేక మూడేండ్లు నిండునప్పటికి అవి ఇరువది యగును. అనగా నోటిని నాలుగు భాగములుగా విభజించినచో భాగమునకు అయిదేసి పండ్లు: ముందు కొఱుకు పండ్లు రెండు, కోరపన్ను ఒకటి, నమలు పండ్లు రెండు. ఆఱవ సంవత్సరమున ఈ అయిదింటికిని వెనుక, ఏ పాలపన్నును ఊడకుండగనే, ఖాళీ చిగురునుండి ఒక పెద్ద దవడపన్ను బయలుదేరును. పన్నేదియు ఊడలేదు గనుక తలిదండ్రు లీ క్రొత్త పంటిని గమనింపరు. గమనించినను పాలపండ్లలో నొకటి యనుకొందురు. అదియే మొదటి స్థిరదంతము.

దీనిని గుర్తుంచుకొనుట కొక సులభమైన ఉపాయము కలదు. ముందు పండ్ల నడిమి గీటునుండి వెనుకకు లెక్కించుకొని పొండు. ఆఱవ పన్ను ఆఱవయేట వచ్చును. అటువంటివి పైన రెండు, క్రింద రెండు, మొత్తము నాలుగు. నమలుటలో ఎక్కువ బరువు వీనిమీదనే పడును. మిగిలిన పండ్లు క్రమముగా వచ్చి నిలుచుటకు ఇవి రాటలవలె ఆధారమై యుండును. ఇన్ని విధముల విలువైన ఈ పండ్లే బాలబాలికల నోటిలో అందఱికంటె ముందు పుచ్చునవి. ఏలయనగా వీని పైభాగమున లోతైన గాళ్ళుండును. అవి నోటికి వెనుకనుండుటచే కుంచె సరిగా అందదు. పైగా వీనిని తోముకొనవలసిన వయస్సు ఆఱేండ్లు!

తరువాత ఆఱునుండి పండ్రెండేండ్ల నడుమ పాలపండ్లు ఊడి స్థిరదంతములు వచ్చును. పండ్రెండవయేట రెండవ దవడపన్ను, పదునేడు మొదలు ఇరువదియైదేండ్ల లోపల జ్ఞానదంతములు వచ్చి, లెక్క ముప్పది రెండుకు పూర్తియగును. కొందఱికి జ్ఞానదంతములు పూర్తిగా రావు. అవి అడ్డముగా పెరిగి బాధించినచో వైద్యుడు వానిని తొలగించును.

పంటిలో పురుగు లేదు

తెలుగులో "పన్ను పురుగు తినినది" అందుము. మన ఒడియా ఇరుగుపొరుగువారును "దాంతొ పొక" అనుచుందురు. ఆ పొక యన్నను పురుగే. సంతలలోను వీథులలోను తిరుగుచు, పంటినుండి తెల్లని పురుగులను తీసి చూపి పైకము గ్రహించువారు కూడ నుండిరి. అవి పంటిలోనివి కావు. చూపరుల కన్నుగప్పి వారు తెచ్చి పెట్టినవి. పంటిలో కంటికి కనబడు పురుగు ఉండదు. ఉన్నవి సూక్ష్మజీవులు. తోమక విడిచిన పంటిమీద జిగటగా పట్టు పాచిలో ఇవి కోట్లకొలదిగా నివసించును. మనము తినిన తీపిపదార్థములను ఇవి కూడ తిని, ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పంటి పైపొరయగు పింగాణిని కొద్దికొద్దిగా కరగించును. పింగాణి మన శరీరములోని పదార్థములన్నింటిలోను కఠినమైనది. అయినను ఆమ్లమునకు లొంగును.

ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. తీపి తినిన ప్రతిసారియు ఇంచుమించుగా అరగంటసేపు ఈ ఆమ్లము పనిచేయును. పిదప లాలాజలము దానిని విఱిచి, కరగిన ఖనిజములను కొంతవఱకు పంటికి తిరిగి చేర్చును. కనుక ఎంత తీపి తింటిమను దానికంటె ఎన్నిమార్లు తింటిమనునది ముఖ్యము. భోజనముతోపాటు ఒక్కసారి తినిన మిఠాయి చేయు కీడు స్వల్పము. అదే మిఠాయిని జేబులో వేసికొని సాయంకాలము వఱకు చప్పరించినచో, లాలాజలమునకు పనిచేయు అవకాశమే ఉండదు.

పింగాణిలో నరములు లేవు. అందుచేత అది కరగునపుడు నొప్పియుండదు. దాని క్రింది పొర చేరినప్పుడు చల్లని నీరు తగిలిన జివ్వుమనును. అంతకును లోపల, పంటి నడుమ నున్న మజ్జలో నరములు, రక్తనాళములు కలవు. కీడు అచ్చటికి పోయినపుడే రాత్రి నిద్రపట్టని పోటు పుట్టును. నొప్పి వచ్చినదనగా వ్యాధి మూడవ మెట్టెక్కినదని అర్థము. నొప్పి వచ్చువఱకు వేచియుండువాడు ఇల్లు సగము కాలిన పిదప నీటికై పరుగెత్తువాని వంటివాడు.

ఇక దంతవైద్యుడు ఏ మెట్టున ఏమి చేయునో చూతము.

మొదటి మెట్టు: చెడకముందు

వైద్యుని యొద్ద మొదట జరుగునది పరీక్ష. చిన్న అద్దముతోను సన్నని ఇనుప పుల్లతోను ఆయన ఒక్కొక్క పంటిని చూచును. రెండు పండ్ల నడుమనో, చిగురు క్రిందనో కీడున్నట్లు తోచినచో ఎక్స్‌రే తీయించును. దీనిలో నొప్పి యేమియు లేదు. ఆఱు మాసములకో సంవత్సరమునకో ఒకసారి ఇట్లు చూపించుకొన్నచో చిన్న రంధ్రము చిన్నదిగా నున్నప్పుడే దొరకును.

రెండవది గార తీయుట. తోమక విడిచిన పాచి కొంతకాలమునకు గట్టిపడి రాతివలె నగును. దానినే మనము గార యందుము. కుంచెకు గాని, వేపపుల్లకు గాని అది రాదు. వైద్యుడు సన్నగా కంపించు పరికరముతో దానిని ఊడదీయును. ఇట్లు చేయించినచో పండ్లు కదలిపోవునని ఒక అపోహ కలదు. నిజమేమనగా, గార చిగురును దిగద్రోసి ఎముకను తినివేయుటచే పండ్లు ముందే కదలియుండును. గార అతుకువలె వానిని పట్టియుంచుటచేత ఆ సంగతి తెలియదు. గారను తీసినవాడు దొంగ కాడు. దొంగతనమును బయటపెట్టినవాడు మాత్రమే.

మూడవది మన ఆఱేండ్ల పంటికి మిక్కిలి ఉపయోగకరమైనది. దవడపంటి గాళ్ళలో పలుచని జిగురు పదార్థమును పోసి గట్టిపఱచు రక్షణపూత యొకటి కలదు. వైద్యులు దానిని సీలంటు అందురు. మత్తుసూది అక్కఱలేదు, మర పెట్టి తొలుచుట లేదు. పన్ను పూర్తిగా బయటికి వచ్చిన కొలది కాలములోనే ఈ పూత వేయించినచో ఆ గాళ్ళలో పాచి నిలువదు. నేను చెప్పిన బాలుని పంటికి ఏడవయేట ఈ పని జరిగియున్నచో నేడది వాని నోటనుండెడిదేమో!

నాలుగవది ఫ్లోరైడు. దీని కథ విచిత్రమైనది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు వచ్చిన ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు అచ్చటి వారి పండ్లు గోధుమరంగు మచ్చలతో నుండుటయు, అయినను అవి అంతగా పుచ్చకుండుటయు చూచి ఆశ్చర్యపడెను. దీనికి కారణము నీటిలోని ఫ్లోరైడు అని 1931లో తేలినది. మితమైన ఫ్లోరైడు పింగాణిని గట్టిపఱచునని గ్రహించి 1945లో గ్రాండ్ రాపిడ్సు నగరమున త్రాగునీటిలో దానిని కలుప మొదలిడిరి. కాని అమృతమైనను అధికమైన విషమే. అతిగా ఫ్లోరైడు గల నీటివలన పండ్లు మచ్చలు పడుటయే గాక ఎముకలు బిగిసికొని మనుష్యులు వంగిపోవుదురని లోకమునకు తెలిపిన తొలి పరిశోధనలలో నొకటి మన తెలుగు నేలపై, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో జరిగినది. అది 1937లో ప్రకటింపబడినది. నల్లగొండ జిల్లా ప్రజల బాధ మన మెఱిగినదే. పటికను, సున్నమును ఉపయోగించి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరునందలి జాతీయ పరిశోధన సంస్థవారు 1970ల దశకమున రూపొందించిరి. అది "నల్లగొండ పద్ధతి" యను పేరనే ప్రసిద్ధి కెక్కినది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము మించకుండుట మంచిదనియు, ఒకటిన్నర మిల్లీగ్రామును ఎన్నడును మించరాదనియు మన దేశపు ప్రమాణము.

మచ్చలు పడని సామాన్య ప్రాంతములలో ఫ్లోరైడు గల పేస్టుతో దినమునకు రెండుమార్లు, ముఖ్యముగా రాత్రి పరుండబోవు ముందు తోముకొనుట చాలును. మూడేండ్ల లోపు బిడ్డలకు బియ్యపుగింజంత, తరువాత ఆఱేండ్ల వఱకు బఠాణీగింజంత పేస్టు చాలును. బిడ్డలు దానిని మ్రింగకుండ పెద్దలు చూడవలెను. వేప పందుంపుల్లను మెత్తగా నమిలి మృదువుగా తోముటలో దోషము లేదు. కాని ఇటుకపొడి, బొగ్గు, ఇసుక, బూడిద పింగాణిని ఒరసి అరగదీయును. ఒకసారి అరిగిన పింగాణి మరల పెరుగదు.

రెండవ మెట్టు: రంధ్రము పడినపుడు

రంధ్రము మజ్జను చేరకున్నచో వైద్యుడు చెడిన భాగమును తొలగించి ఆ గుంటను పూడ్చును. దీనినే జనులు "పంటికి సిమెంటు పెట్టించుట" యందురు. పూడ్చు పదార్థములు కొన్ని విధములు. వెండి, పాదరసముల మిశ్రమము పూర్వమునుండి వాడుకలో నున్నది. అది గట్టిదే గాని, పాదరసము వాతావరణమునకు కీడు చేయునను కారణమున 2013నాటి మినమాటా ఒడంబడికకు పిమ్మట దేశదేశములలో దాని వాడుక తగ్గుచున్నది. పంటి రంగులోనే యుండి నీలికాంతితో గట్టిపడు పదార్థమును ఇప్పుడు విరివిగా వాడుచున్నారు. 1970ల దశకమున వాడుకకు వచ్చిన గ్లాస్ అయనామరు అను సిమెంటు పంటికి తానై అతుకుకొని, కొద్దికొద్దిగా ఫ్లోరైడును విడుచును; పిల్లల పండ్లకు మిక్కిలి అనుకూలమైనది. విద్యుచ్ఛక్తి లేని పల్లెలలో సైతము, మర లేకుండ, చేతి పనిముట్లతోనే చెడిన భాగమును గోకి ఈ సిమెంటును నింపు పద్ధతి 1980ల నడుమ ఆఫ్రికాలోని టాంజానియాలో ఆరంభమై పెక్కు దేశములకు వ్యాపించినది.

పాలపండ్లు ఊడునవే కదా, వానికి సిమెంటెందుకని యడుగవచ్చును. వెనుకనున్న పాలపండ్లు పది, పండ్రెండేండ్ల వఱకు నుండవలసినవి. అంతవఱకు బిడ్డ నమలవలెను కదా! అదియు గాక అవి తరువాత రాబోవు పండ్లకు స్థలమును కాపాడుచుండును. ముందుగా పోయినచో ప్రక్కపండ్లు జరిగి ఆ స్థలమును ఆక్రమించును; రావలసినది దారి లేక వంకరగా వచ్చును. ఇట్లు వంకర వచ్చిన పండ్లను తీగలతోను, క్లిప్పులతోను మెల్లమెల్లగా సరిచేయు వైద్యము వేఱుగా నున్నది. అది నెలలు, ఒక్కొక్కప్పుడు రెండేండ్లు పట్టును.

మూడవ మెట్టు: మజ్జ చెడినపుడు

పోటు మొదలైనపుడు మన ఇండ్లలో లవంగనూనె పెట్టుదురు. అది కొంతసేపు మొద్దుబాఱజేయును గాని రోగమును మాన్పదు. మాత్రను నూఱి పంటిమీద పెట్టువారు చిగురును కాల్చుకొందురు. ఒక్కొక్కప్పుడు నాలుగైదు దినములకు నొప్పి తనంతట తానే పోవును. ఇంటివారు సంతోషింతురు. కాని నొప్పి పోయినది రోగము నయమగుటచే కాదు, మజ్జ చచ్చుటచే. చచ్చిన మజ్జలో చీము పుట్టి వేరు చివరనుండి ఎముకలోనికి దిగును. ఆ పిమ్మటనే చెంప వాచును.

ఈ మెట్టున కూడ పన్నును నిలుపు ఉపాయము కలదు. అదియే రూట్ కెనాల్ అను చికిత్స. వైద్యుడు చెడిన మజ్జను తీసివేసి, వేళ్ళలోని సన్నని కాలువలను శుభ్రపఱచి, వానిని మందుతో పూడ్చి మూసివేయును. ఒకటినుండి మూడు పర్యాయములు పోవలసియుండును. ఇట్టి పన్ను పెళుసగును గనుక, ముఖ్యముగా దవడపంటికి, పైన తొడుగు వేయింతురు. నొప్పి తగ్గినదికదా యని నడుమ మానివేయుట పెద్ద పొరపాటు.

మత్తుసూది యనగానే భయపడువారు పూర్వుల పాట్లను తలచుకొనవలెను. ఒకప్పుడు పన్ను తీయునపుడు రోగిని నలుగురు పట్టుకొనెడివారు. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండ జేయు మార్గమును లోకమునకు చూపినవారు దంతవైద్యులే. హొరేస్ వెల్సు 1844లో నవ్వించు వాయువును, విలియం మోర్టన్ 1846లో ఈథరును ప్రయోగించిరి. నేడు చిగురునకిచ్చు లిగ్నొకెయిన్ అను మందును 1943లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు నిల్సు లొఫ్‌గ్రెన్ కనుగొనెను. రోగి మెలకువగానే యుండును. పని జరుగుచోట మాత్రము నొప్పి తెలియదు.

చివరి మెట్టు: తీయుట, కట్టుట

పైవేవియు సాధ్యపడనపుడే పన్ను తీయవలెను. తీయించుకొనువారు మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, రక్తము పలుచబఱచు మందుల వాడుక ఉన్నచో ముందుగా చెప్పవలెను. తీసిన పిమ్మట దూదిని అరగంట, ముప్పావుగంటసేపు గట్టిగా కఱచి పట్టవలెను. ఆ దినమంతయు గట్టిగా పుక్కిలింపరాదు, మాటిమాటికి ఉమ్మరాదు, వేడివస్తువులు తినరాదు, పొగ త్రాగరాదు. అట్లు చేసినచో గుంటలో గడ్డకట్టిన రక్తము ఊడి బాధ పెరుగును. మఱునాటినుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలింపవచ్చును.

పోయిన పంటిచోటు ఖాళీగా నుంచినచో ప్రక్కవి వాలును, ఎదుటిది దిగును. కనుక తీసి పెట్టుకొను కట్టుడు పన్ను గాని, ప్రక్కపండ్ల ఆధారముతో వంతెనవలె నిలుపు పన్ను గాని పెట్టుదురు. ఎముకలో టైటానియము మేకును నాటి దానిపై పన్ను నిలుపు విధానమును స్వీడనులో బ్రానెమార్కు అను వైద్యుడు 1965లో మొదటిసారి ఒక రోగికి చేసెను. అది నేడు మన పట్టణములలోను లభించుచున్నది గాని ఖర్చు ఎక్కువ. ఎంత ఖర్చు చేసినను దేవుడిచ్చిన పంటికి సాటి యగునది లేదు.

చిగుళ్ళు, గుడాకు, అడ్డపొగ

పెద్దలకు పండ్లు పోవుటకు చిగుళ్ళవ్యాధి పెద్ద కారణము. తోమునపుడు రక్తము వచ్చుట దాని తొలి గుర్తు. రక్తము వచ్చినదని తోముట మానరాదు. మృదువుగా తోముచు వైద్యునికి చూపవలెను.

మన గంజాం ప్రాంతమున మఱియొక శత్రువు కలదు. పొగాకు, బెల్లపుపాకము మొదలగువానితో చేసిన గుడాకును పండ్లు తోముకొనుటకని మొదలిడి, విడువలేక దినమునకు పలుమార్లు రుద్దుకొనువారిని మన మెఱుగుదుము. అది పండ్లపొడి కాదు, పొగాకు. తల్లి రుద్దుకొనుట చూచి బిడ్డయు నేర్చును. అట్లే ఇచ్ఛాపురమునుండి విశాఖ వఱకు మన బంధువులున్న తీరగ్రామములలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల పెట్టుకొని కాల్చు ఆచారము, అనగా అడ్డపొగ, ముఖ్యముగా స్త్రీలలో నుండెడిది. దానివలన అంగిలికి పుండ్లు, పుట్టకుఱుపు కలుగుచున్నవని పరిశోధకులు స్థాపించిరి. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించి డెన్మార్కు, భారతదేశముల శాస్త్రజ్ఞులు వ్రాసిన నివేదిక 1971లో ప్రకటితమైనది. నోటిలో తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ గాని, పుండు గాని రెండు వారములకు మానకున్నచో వెంటనే చూపవలెను. నొప్పి లేదుకదా యని ఊరకుండరాదు. నాయనమ్మ అంగిలిని చూచుట కూడ దంతవైద్యుని పనియేనని ఈ పత్రిక చదువు పిల్లలు ఇంటికి పోయి చెప్పవలెను.

ఆటలో ఊడిన పన్ను

విద్యార్థులు ఈ భాగమును తప్పక గుర్తుంచుకొనవలెను. కబడ్డీలోనో, క్రికెట్టులోనో దెబ్బ తగిలి స్థిరదంతము వేరుతోసహా ఊడిపడినచో దానిని పాఱవేయకుడు. వేరును ముట్టక, పైభాగమును పట్టుకొని ఎత్తుడు. మట్టి అంటినచో పాలతో గాని, మంచినీటితో గాని ఒక్కసారి కడుగుడు, రుద్దకుడు. వీలైనచో దాని గుంటలోనే నిలిపి, మెత్తని గుడ్డను కఱచి పట్టుడు. వీలుకానిచో చల్లని పాలలో వేసి పరుగున వైద్యునియొద్దకు పొండు. అరగంట, గంట లోపల చేరినచో ఆ పన్ను మరల నాటుకొను అవకాశము ఎక్కువ. పాలపన్ను ఊడినచో మాత్రము తిరిగి గుంటలో పెట్టరాదు. అది క్రింద పెరుగుచున్న పంటికి హాని చేయును.

మఱియొక హెచ్చరిక. దవడ క్రింద వాపు పెరిగి, నోరు తెఱవలేక, మ్రింగుటకో ఊపిరి పీల్చుటకో కష్టమైనచో అది ప్రాణాపాయము. తెల్లవారువఱకు ఆగరాదు, ఆ రాత్రియే పెద్దాసుపత్రికి పోవలెను.

ఎక్కడికి పోవలెను? ఏ భాషలో చెప్పవలెను?

మన దేశమున తొలి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టరు ఆర్. అహమ్మదు స్థాపించెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడినది. ఒడిశాకు కటకమునందు ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. మనకు దగ్గఱ పెద్దాసుపత్రి 1962లో బరంపురమున స్థాపింపబడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాలది. బి. డి. ఎస్. పట్టము పొంది, పేరు నమోదైన వైద్యునియొద్దకే పొండు. వీథిప్రక్క కుర్చీ వేసికొని కూర్చున్నవాని పనిముట్లు ఒకరి రక్తమునుండి ఇంకొకరికి రోగము నంటింపవచ్చును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు పాఠశాలలకు వచ్చి పదునెనిమిదేండ్ల లోపు బాలబాలికలను పరీక్షించును. వారు చూడవలసిన లోపములలో పుచ్చుపండ్లును చేరియున్నవి. ఆ దినమున సిగ్గుపడి వెనుకకు నక్కక, నోరు తెఱచి చూపుడు.

ఇక భాష. 1936 ఏప్రిల్ 1వ తేదీ వఱకు గంజాం మద్రాసు రాజధానిలో నుండెను. నేడు మన ఆసుపత్రులలో వ్యవహారము ఒడియాలో జరుగును. ఇంటిలో తెలుగే మాటలాడు తల్లి వైద్యుని యెదుట మాట తోచక, చెంపను చూపి ఊరకుండును. వైద్యుడు అడిగినది తెలియక, తలయూపును. ఏ పన్ను, ఎన్ని దినములనుండి, రాత్రి నొప్పియా పగలా, చల్లనిదానికా వేడిదానికా అను నాలుగు ప్రశ్నలకు ఉత్తరము సరిగా చెప్పినచో సగము రోగము అప్పుడే తెలిసిపోవును. కావున బడిలో రెండు భాషలు నేర్చిన పిల్లలు ఇంటివారికి తోడుగా పోవుట మంచిది. పన్ను నొప్పికి "దాంతొ బింధుఛి", చిగురునకు "మాఢి", వాచినదనుటకు "ఫులిఛి", రక్తము వచ్చుచున్నదనుటకు "రక్తొ బాహారుఛి", చీమునకు "పూజొ", చల్లని నీటికి "థండా పాణి" అనవలెను. ఈ ఆఱు మాటలు చాలును. బరంపురమున తెలుగు తెలిసిన వైద్యులును కలరు. అడుగుటకు సంకోచింపనక్కఱలేదు.

నేను మొదట చెప్పిన బాలునికి ఒక చెల్లెలున్నది. అప్పుడామెకు ఏడేండ్లు. వాని తల్లి బరంపురమునుండి తిరిగివచ్చిన నాటి సాయంకాలమే దీపము దగ్గఱ కూర్చుండబెట్టి, ఆ పిల్ల నోరు తెఱపించి, నడిమినుండి వెనుకకు లెక్కపెట్టెనట. ఆఱవ పంటి గాళ్ళలో నల్లని గీతలు కనబడెను. పదిదినములలో సిమెంటు పెట్టించిరి. ఆ పన్ను నేటికిని గట్టిగా నున్నది.

విద్యార్థులారా! మీ ఇంటిలో ఆఱేడేండ్ల తమ్ముడో, చెల్లెలో ఉన్నచో ఈ రాత్రి భోజనమైన పిదప మీరును అట్లే లెక్కపెట్టి చూడుడు. అయిదింటికి వెనుక ఆఱవది వచ్చినచో, అది ఊడి మరల వచ్చునది కాదని అమ్మకును నాయనకును చెప్పుడు.